చాకిరేవు లేని తెలుపు

గత నెలలో మా అధ్యాపకుల వాట్సాప్ బృందంలో, పదవీ విరమణకు దగ్గరపడిన ఒక సహాధ్యాపకుడు ఒక వీడియో పంచుకున్నారు. దూరదర్శన్ తొలినాళ్ల వాణిజ్య ప్రకటనలన్నిటినీ గుదిగుచ్చిన వీడియో అది. సబ్బులు, బట్టల సోడాలు, పళ్లపొడులు, సూటింగులు, ప్రెషర్ కుక్కర్లు వరుసగా వస్తాయి. బొమ్మ కాస్త అలుక్కుపోయి ఉంటుంది, పాట గరగరమంటుంది. దాని కింద ఆయన రెండే మాటలు రాశారు: ‘మన బాల్యం’. సాయంత్రానికి బృందంలో సగం మంది ఆ వీడియోకు హృదయాలు జోడించారు. ఒకరు ఆ పాటలను పాడి గొంతు కూడా పంపారు. ఆ రోజుల్లో జీవితం ఎంత సరళంగా ఉండేదో అని మరొకరు నిట్టూర్చారు.

నేను ఏమీ రాయలేదు. ఆ పాటలు నాకు తెలియక కాదు, అన్నీ నోటికొచ్చు. ‘మన’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

గతకాల మమకారాన్ని నేను తక్కువ చేయడం లేదు. మనిషికి తన చిన్నతనం మీద మక్కువ ఉండడం సహజం. అయితే ఒక తరం మొత్తానికి ఒకే బాల్యం ఉందనీ, అందరం ఒకే ముందుగదిలో ఒకే చాప మీద కూర్చుని ఒకే పెట్టెను చూశామనీ చెప్పినప్పుడు దాన్ని పరిశీలించవలసి వస్తుంది. ఆ గది ఎవరిది? చాప మీద ఎవరు కూర్చున్నారు? కిటికీ బయట నిలబడ్డది ఎవరు? ఈ ప్రశ్నలను పక్కన పెట్టిన జ్ఞాపకం ఒక కులపు జ్ఞాపకంగా మిగిలిపోతుంది. దానికి దేశపు జ్ఞాపకమని పేరు పెట్టుకోవడం వేరే సంగతి.

డెబ్బైల టీవీ ప్రకటనలంటూ పరవశించేవారు ముందు కొన్ని తేదీలు గుర్తు చేసుకోవాలి. మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. బొంబాయికి చేరడానికి 1972 దాకా పట్టింది. కలకత్తా, మద్రాసు, లక్నోలకు 1975లో వచ్చింది. హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరులో ప్రారంభమైంది. దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలను అనుమతించింది 1976 జనవరి 1 నుంచి. అంటే ఆ దశాబ్దంలో టీవీ ప్రకటన చూసినవారు కొన్ని మహానగరాలలో, టీవీ కొనగలిగిన, దానికి ఏటా లైసెన్సు రుసుం కట్టగలిగిన కుటుంబాలవారు మాత్రమే. మిగతా దేశానికి ప్రకటన అంటే రేడియోలో వివిధ భారతి పాట, లేదా సినిమా హాలులో ఆటకు ముందు వేసే స్లయిడు.

సరిగ్గా అదే కాలంలో పల్లెలకూ ఒక టీవీ వెళ్లింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికన్ ఉపగ్రహం సాయంతో సైట్ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు సామూహిక టీవీలు ఇచ్చారు. వాటిలో వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు, కుటుంబ నియంత్రణ చూపారు. ప్రకటనలు లేవు. ఒకే ప్రభుత్వం, ఒకే మాధ్యమం. నగరవాసిని వినియోగదారుడుగా పిలిచింది, పల్లెవాసిని సంస్కరించవలసిన మనిషిగా చూసింది. ఆ ఏడాది గడిచాక ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు.

నేను 1979లో పుట్టాను. కాబట్టి డెబ్బైల ప్రకటనలు నాకు ఎనభైలలో చేరాయి, అదీ వాటి తమ్ముళ్ల రూపంలో. 1982 ఆసియా క్రీడలతో రంగులు వచ్చాయి. 1984లో రోజుకొకటి అన్నంత వేగంగా దేశమంతటా ట్రాన్స్‌మిటర్లు లేచాయి. 1985లో టీవీ లైసెన్సు రద్దయింది. తెనాలి ప్రాంతంలోని మా ఊళ్లోకి మొదటి టీవీ ఆ తరువాతే వచ్చింది. వచ్చింది పెద్దింటికి. వాళ్ల బట్టలు మా అమ్మా నాన్నా ఉతికేవారు.

మాది చాకలి కులం. ప్రభుత్వ కాగితాలలో రజక, బీసీ–ఏ. ఊళ్లో మాకు కొన్ని ఇళ్లు హక్కు, ఆ ఇళ్లకు మేము బాధ్యత. పొద్దున్నే మా అమ్మ ఇంటింటికీ తిరిగి మాసిన బట్టలు మూట కట్టుకొచ్చేది. ఏ ఇంటి బట్టకు ఆ ఇంటి గుర్తు. నల్లజీడి గింజ రసంతో అంచున పెట్టే ఆ చుక్కలు, గీతలు ఎన్ని ఉతుకులకైనా పోవు. చదువు రాని మా అమ్మ పాతిక ఇళ్ల లిపిని తప్పు లేకుండా చదివేది. చవిటి నేల నుంచి తవ్వి తెచ్చిన మన్ను, సోడా కలిపి బట్టలు తడిపి, బానలో ఉడకబెట్టి, కాలువ రేవులో బండ మీద బాదేవారు. తరువాత నీలిమందు, గంజి, ఎండ, ఇస్త్రీ. ఇవి గాక పురిటి బట్టలు, ముట్టు బట్టలు, చావు బట్టలు. వాటిని ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. పెరటి గుమ్మం పక్కన కర్రతో తోసి పెట్టేవారు. ప్రతిఫలంగా సాయంత్రం గిన్నెలో వేసే అన్నం, కల్లం దగ్గర కొలిచే మేర గింజలు.

ఆదివారం పొద్దున రామాయణం. 1987 జనవరిలో మొదలై ఏడాదిన్నర సాగిన ఆ సీరియల్‌కు ముందు ప్రకటనల వరుస ఎంతకీ తెగేది కాదు. పెద్దలకు అది విసుగు, పిల్లలకు పండుగ. పెద్దింటి ముందుగదిలో చాప మీద ఆ ఇంటి పిల్లలూ, వాళ్ల కులంవాళ్ల పిల్లలూ కూర్చునేవారు. మేము వసారాలో, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి చూసేవాళ్లం. మాల, మాదిగ పల్లెల పిల్లలు ప్రహరీ గేటు బయట. వాళ్లకు బొమ్మ కనిపించదు, పాట మాత్రం వినబడుతుంది. ఒక పెట్టె ముందు ఊరు మొత్తం తన మెట్ల ప్రకారం సర్దుకుంది. ఆ మెట్లలో నాది మధ్య మెట్టు. వసారా దాకా రానిచ్చినందుకు అప్పట్లో నాకు కొంత గర్వంగానే ఉండేది. ఆ గర్వాన్ని దాచి, కేవలం బాధితుడిగా ఈ వ్యాసం రాయడం నిజాయితీ కాదు. మేము పల్లెల బట్టలు ఉతికేవాళ్లం కాము. ఊరి మైల మోసిన మా చేతులే పల్లె బట్ట ముట్టుకుంటే మైలపడతాయని మా పెద్దలు నమ్మారు. అంబేద్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత నాకు పుస్తకంలో కనిపించడానికి చాలా ముందే ఆ వసారాలో కనిపించింది, అప్పుడు గుర్తుపట్టలేకపోయాను.

తెర ముందు ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయమని అనుకునేవారికి ఒక మాట. 1991 ఆగస్టు 6న మా ప్రాంతంలోని చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అంతకు నెల ముందు ఒక సినిమా హాలులో, ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీటులోని అగ్రకుల యువకుడికి తగిలిందన్న తగాదా దానికి ఆరంభం.

మళ్లీ ప్రకటనల దగ్గరకు వస్తాను. నాకూ మా అక్కకూ అన్నిటికన్నా ఇష్టమైనది నిర్మా. హిందీ పాటలో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, కానీ రాగం పట్టుకుంది. పొట్లం మీద తెల్ల గౌను వేసుకుని గిర్రున తిరిగే పాప ఉంటుంది కదా, మా అక్క దృష్టి ఆ గౌను మీద. నిర్మా కథ చాలామందికి తెలుసు. గుజరాత్ ప్రభుత్వ గనుల శాఖలో రసాయన శాస్త్రజ్ఞుడిగా పనిచేసే కర్సన్‌భాయ్ పటేల్ 1969లో ఇంటి పెరట్లో పొడి తయారుచేసి, సైకిల్ మీద తిరిగి అమ్మాడు. తన కూతురు నిరుపమ పేరు దానికి పెట్టాడు. సర్ఫ్ ధరలో మూడో వంతుకే దొరికే ఆ పొడి, సర్ఫ్ ఎన్నడూ చేరని ఇళ్లలోకి చేరింది. దానికి జవాబుగా సర్ఫ్ కోసం లింటాస్ సంస్థలో అలీక్ పదంసీ బృందం లలితాజీ పాత్రను తెచ్చింది. కవితా చౌదరి నటించిన ఆ లలితాజీ కూరగాయల దగ్గర బేరమాడుతుంది, చౌక సరుకుకూ మంచి సరుకుకూ తేడా తెలిసిన ఇల్లాలు. మన ప్రకటనల చరిత్ర రాసేవారందరూ ఈ పోరును ఒక గొప్ప వ్యాపార గాథగా చెబుతారు. అది నిజమే. నేను అడిగేది వేరు.

సర్ఫ్ మన దేశానికి 1959లో వచ్చింది. రిన్ కడ్డీ 1969లో వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు వచ్చిన బట్టల సబ్బుల ప్రకటనలలో ఒక ఇంటి ఇల్లాలు, ఒక మరక, ఒక పొట్లం ఉంటాయి. పక్కింటామె చీర కన్నా తన చీర తెల్లగా ఉందని ఆమె మురిసిపోతుంది. ఈ దేశంలో వందల ఏళ్లుగా బట్ట ఉతకడం ఇల్లాలి పని కానే కాదు, అది ఒక కులం పని. ఉత్తరాదిన ధోబీ, తమిళనాట వణ్ణార్, కన్నడంలో మడివాళ, మన దగ్గర చాకలి. ఆ కులాన్ని ప్రకటన ఎగతాళి చేయలేదు, దుర్మార్గంగా చూపలేదు. అసలు చూపనే లేదు. మాసిన బట్టకూ తెల్లని బట్టకూ మధ్య ఉన్న రేవును, బండను, బానను, ఆ మనుషులను ఒక్క కోతతో తీసేసి, వాళ్ల స్థానంలో ఒక చెంచా పొడిని పెట్టింది.

దీన్ని యాదృచ్ఛికమని నేను అనుకోను, కుట్ర అనీ అనను. ఆ ప్రకటనలు రాసినవారు బొంబాయి వాణిజ్య ప్రపంచానికి చెందిన ఆంగ్ల విద్యావంతులు. వాళ్ల ఇళ్లలో ధోబీ వెనుక గుమ్మం నుంచి వచ్చి వెనుక గుమ్మం నుంచే వెళ్లేవాడు. వెనుక గుమ్మం వాళ్ల కెమెరా చట్రంలో లేదు. వార్తా మాధ్యమాల సంగతి కొంత నయం, అక్కడ కనీసం లెక్క తీశారు. 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని జాతీయ వార్తా సంస్థలలో నిర్ణయాలు తీసుకునే 315 మందిని పరిశీలిస్తే, అందులో ఒక్క దళితుడూ ఒక్క ఆదివాసీ కనిపించలేదు.

కులం వృత్తుల విభజన మాత్రమే కాదనీ, పనిచేసే మనుషులనే విడగొట్టిన వ్యవస్థ అనీ అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. బట్టల సబ్బు ప్రకటన చేసిన పని చూడండి. పనిని తీసుకుని ఇల్లాలికి ఇచ్చింది, ‘మైల’ అన్న భావనను తీసుకుని ‘మరక’గా మార్చింది, మనిషిని మాత్రం ఎక్కడా తీసుకోలేదు.

మా అక్క సంగతి చెప్పాలి. ఇది రాయడానికి ఆమె అనుమతి అడిగాను. ‘‘రాయి గానీ ఊరి పేరు వద్దురా’’ అంది.

1988 వేసవి. పెద్దింటి అమ్మాయికి పట్నం నుంచి తెచ్చిన తెల్ల గౌను ఉతుక్కి వచ్చింది. అమ్మ దాన్ని మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉతికి, తక్కువ నీలిమందు పెట్టి, తుమ్మచెట్టు నీడ పడని చోట ఆరేసింది. మధ్యాహ్నం అమ్మ అన్నానికి వెళ్లినప్పుడు అక్క ఆ గౌను వేసుకుంది. కాలువ గట్టు మీద ఆ పాట పాడుతూ గిర్రున తిరిగింది. నేను చప్పట్లు కొట్టాను. మూడు నాలుగు నిమిషాల కన్నా ఎక్కువ కాదు. గట్టు మీద సైకిల్‌పై పోతున్న పెద్దింటి జీతగాడు చూశాడు.

సాయంత్రం నాన్నకు కబురు వచ్చింది. నాన్న భుజం మీది తుండు తీసి చేతిలో పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు. నేను ఆయన వెనుక ఉన్నాను. అమ్మ అప్పటికే గౌనును మళ్లీ ఉతికి, మళ్లీ ఇస్త్రీ చేసి తెచ్చింది. అమ్మగారు దాన్ని ముట్టుకోలేదు. ‘‘ఇంక మా పిల్ల వేసుకోదు. తీసుకుపో. పంటకి కోసుకుంటాం’’ అంది. గౌను ఖరీదు ఆ ఏడు మేర గింజల్లో కోశారు. ఇంటికొచ్చాక నాన్న అక్కను కొట్టాడు. అంతకు ముందూ ఆ తరువాతా ఆయన ఆమెను కొట్టింది లేదు.

ఆ ఇంటి పురిటి బట్టలు, ముట్టు బట్టలు మా అమ్మ చేతుల మీదుగా పోయి శుభ్రమై తిరిగి వచ్చేవి. ఆ చేతులు తాకితే బట్ట పవిత్రం. ఆ చేతులు కన్న బిడ్డ ఒంటికి తాకితే అదే బట్ట మైల. ఈ తర్కాన్ని వివరించడానికి నేను పీహెచ్‌డీ చేశాను, పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్నాను, ఇప్పటికీ సంతృప్తిగా వివరించగలిగానని అనుకోను. గౌను మా ఇంట్లోనే ఉండిపోయింది. అక్క దాన్ని మళ్లీ వేసుకోలేదు. కొన్నాళ్లకు అమ్మ దాన్ని చింపి, పొయ్యి మీది బాన దించే మసిగుడ్డ చేసింది.

ఆ తరువాత వచ్చిన దసరాకు అమ్మ తెనాలి నుంచి నిర్మా పొట్లం ఒకటి కొని తెచ్చింది. ఊరి బట్టలకు వాడలేదు. మా బడి బట్టలకు మాత్రమే వాడేది. డబ్బాలో పోసి, మూత బిగించి, అటక మీద పెట్టేది. ఊరి బట్టలకు మన్ను, సోడా. మా బట్టలకు పొడి. చిన్నతనంలో అది నాకు వింతగా తోచేది. ఇప్పుడు ఆలోచిస్తే, జీవితంలో ఆమె వినియోగదారుగా నిలబడ్డ మొదటి సందర్భం అదేనేమో అనిపిస్తుంది. ప్రకటన ఆమెను చూడలేదు. ఆమె మాత్రం ప్రకటనను తనకు కావలసినట్టు వాడుకుంది. అందువల్ల ఆ చౌక పొడి మీద నాకు కోపం లేదు.

పైగా ఆ పొడి వల్ల మాకు మేలూ జరిగింది, నష్టమూ జరిగింది. తొంభైల నాటికి ఊళ్లో చాలా ఇళ్లవాళ్లు రోజువారీ బట్టలు ఇంట్లోనే ఉతుక్కోవడం మొదలుపెట్టారు. మేర గింజలు తగ్గాయి, హక్కు ఇళ్లు ఒక్కొక్కటే జారిపోయాయి. నాన్నకు అది వృత్తి పోవడం. ఆయన చివరి దాకా దిగులుపడ్డాడు. అమ్మకు అది వేరు. ముట్టు బట్టల మూట మోయడం ఆగిన రోజును ఆమె పండుగలా చెప్పుకుంటుంది. ఒకే ఇంట్లో, ఒకే పొడి గురించి రెండు తీర్పులు. కులవృత్తి నశించిందని శోకగీతాలు పాడే మన కవులు అమ్మ వైపు కూడా కాస్త చూస్తే బాగుండునని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. నాన్న దిగులు అబద్ధమని కాదు. వృత్తి పోయాక చేతిలో మరో పని లేని మనిషి దిగులు అది.

కొన్నేళ్ల క్రితం అమెరికాలో ఒక సదస్సుకు వెళ్లినప్పుడు అక్కడి మిత్రుడు తన దేశపు డెబ్బైల ప్రకటనలు చూపించాడు. అక్కడా ఇదే మోహం, ఇవే నిట్టూర్పులు. అందులో ఒకటి నన్ను పట్టి కూర్చోబెట్టింది. కాల్గాన్ అనే బట్టల పొడి ప్రకటన అది. చైనీయుల లాండ్రీ దుకాణం. చొక్కాలు ఇంత శుభ్రంగా ఎలా వస్తున్నాయని శ్వేతజాతి మహిళ అడుగుతుంది. ఇది మా ప్రాచీన రహస్యం అన్నట్టు దుకాణదారుడు గంభీరంగా జవాబిస్తాడు. ఇంతలో అతని భార్య వెనుక గదిలో నుంచి, ఆ పొడి అయిపోయింది, ఇంకా కావాలంటూ బయటికి వచ్చి గుట్టు రట్టు చేస్తుంది. ఆసియా సంతతివారిని ఇలా చూపడం మీద అమెరికాలో విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శ.

నాకు మాత్రం మొదట కలిగింది అసూయ. అవహేళనతోనైనా, వంకరగానైనా, ఆ తెరపై బట్టలు ఉతికే జాతి మనిషి ఉన్నాడు. చైనీయులు ఇష్టపడి ఆ పనిలోకి వెళ్లలేదు. బంగారు గనుల నుంచి, రైలు పనుల నుంచి, ఇతర ఉపాధుల నుంచి నెట్టివేయగా లాండ్రీ మిగిలింది. 1882లో వాళ్ల వలసనే చట్టం నిషేధించింది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం చెక్క భవనాలలో లాండ్రీలకు అనుమతి కావాలని నిబంధన పెట్టి, చైనీయులకు మాత్రం అనుమతి నిరాకరిస్తే, యిక్ వో అనే లాండ్రీ తరఫున నడిచిన వ్యాజ్యంలో 1886లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రాతలో సమానంగా కనిపించే చట్టాన్ని వివక్షతో అమలు చేయడం కూడా రాజ్యాంగ విరుద్ధమేనని ఆ తీర్పు సారం. నేడు అమెరికా న్యాయకళాశాలల్లో ఆ కేసు పాఠం. బట్టలు ఉతికేవాడు అక్కడ చరిత్రలో ఉన్నాడు, న్యాయశాస్త్రంలో ఉన్నాడు, చివరికి వెకిలి ప్రకటనలోనూ ఉన్నాడు. మన దగ్గర కోట్ల చొక్కాలు తెల్లబరిచినవాడు ఒక్క ప్రకటనలోనూ లేకుండా పోయాడు.

ఆ అసూయ ఎక్కువసేపు నిలవలేదు. వెక్కిరింతకు గురికావడం, కనిపించకపోవడం రెండిటిలో ఏది మేలని ఎంచుకోవలసిన స్థితే అవమానకరం. అన్నట్టు, మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్లిన విద్యార్థులు నాణేలు వేసి యంత్రాలలో తమ బట్టలు తామే ఉతుక్కుంటారు. దాన్ని ఆత్మనిర్భరతగా ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటారు. సెలవులకు ఇక్కడికి రాగానే ఆ పెట్టె బట్టలు పనిమనిషి ముందు పడతాయి.

2015లో ఏరియల్ పొడి ప్రకటన ఒకటి మన దేశంలో పెద్ద చర్చ రేపింది. బట్టలు ఉతకడం ఆడవాళ్ల పని మాత్రమేనా, మగవాళ్లు భారం పంచుకోరా అని అది అడిగింది. మంచి ప్రశ్న. మా విభాగంలో దాని మీద ఒక సెమినారే జరిగింది. అక్కడ నేను మా నాన్న గురించి చెప్పాను. ఆయన జీవితమంతా ఊరి ఆడవాళ్ల చీరలు, రవికలు, పురిటి గుడ్డలు ఉతికాడు. సిగ్గుపడలేదు, త్యాగం చేస్తున్నానని కూడా అనుకోలేదు. రేవులో అమ్మ ఎంత బాదేదో ఆయనా అంతే. కంచ ఐలయ్య 2009లో వెలువరించిన ‘పోస్ట్ హిందూ ఇండియా’లో చాకలి కులాన్ని కింది కులాల స్త్రీవాదులుగా పేర్కొన్నది ఈ కోణంలోనే. నేను ఆ వాదనతో పూర్తిగా ఏకీభవించను. ఊరి చీరలు ఉతికిన చేతులే ఇంట్లో భార్యలపైకి లేవడం మా వీధిలోనూ చూశాను. అయినా స్త్రీ పురుషులు పక్కపక్కన నిలబడి బట్టలు ఉతికిన సమాజం ఈ దేశంలో ముందే ఉందన్న సంగతి, ప్రకటనకూ తెలియదు, దాన్ని మెచ్చుకున్న మేధావులకూ గుర్తు రాలేదు. ఆ సమాజాన్ని యాభై ఏళ్ల కిందటే చట్రం బయటికి నెట్టేశాం కదా.

విద్యార్థులు నన్ను అడుగుతుంటారు: ‘‘సార్, ఇప్పుడు మారింది కదా?’’ మారింది. చాలా మారింది. చర్మం తెల్లబరుస్తానంటూ 1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ కూడా 2020లో పేరు మార్చుకుంది. అదీ అమెరికాలో నల్లవారి ఉద్యమం కదిలించాక. మన నల్లపిల్లల ఏడుపు అంతకు ముందు నలభై అయిదేళ్లూ సరిపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. ఆ రోజు నాకు నిజంగా సంతోషం కలిగింది. పాలకుర్తి పొలంలో తన పంట కోసం దొరను ఎదిరించిన మనిషి పేరు పట్టాల మీద అచ్చవుతుంది. కానీ కులం పేరును తిట్టుగా వాడడం బడుల్లో ఆగలేదు. ‘చాకిరీ’ అన్న మాటను సమావేశాలలో మా సహాధ్యాపకులు ఎంత సులువుగా వాడతారో గమనిస్తూనే ఉంటాను. చాలా రాష్ట్రాలలో ధోబీలు ఎస్సీ జాబితాలో ఉండగా ఇక్కడ బీసీలుగా ఎందుకున్నారన్న చర్చ దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. దాని మీద మా సంఘాలలోనే భిన్నాభిప్రాయాలున్నాయి, అది మరో వ్యాసం.

మా సహాధ్యాపకుడు చెడ్డవాడు కాదు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఇల్లు దొరక్క తిరుగుతుంటే తన ఇంటి పైభాగం అద్దెకు ఇచ్చినవాడు. వారం తరువాత కారిడార్లో కనిపించినప్పుడు ఆయనే అడిగాడు, ఆ వీడియోకు నువ్వేమీ అనలేదేమని. గౌను సంగతి చెప్పాను. చాలాసేపు మౌనంగా ఉండి, ‘‘మా ఇంట్లోనూ ఒక చాకలి వచ్చేవాడయ్యా, పేరు గుర్తు రావడం లేదు’’ అన్నాడు. ఆ పాటలలో ఒక్క అక్షరం తప్పిపోకుండా గుర్తున్న మనిషి ఆయన. నేను ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత ఊళ్లో ఉన్న తన అక్కకు ఫోన్ చేసి కనుక్కుని, ఆ పేరు నాకు మెసేజ్ పెట్టాడు. బృందంలో కాదు, నాకు విడిగా.

సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు ఆ వీడియో అమ్మకు చూపించాను. ఆమెకు ఇప్పుడు డెబ్బై దాటింది, చేతివేళ్ల కణుపులు వంకరపోయాయి. అద్దాలు సర్దుకుని ఫోను దూరంగా పట్టుకుని చూసింది. నిర్మా పాట రాగానే నవ్వింది. లలితాజీని శ్రద్ధగా గమనించింది. ఒక ప్రకటనలో చొక్కా కాలరు మీద పొడి చల్లి రుద్దుతుంటే, ‘‘అట్టా రుద్దితే జిడ్డు పోదు. రాత్రి సోడాలో నానెయ్యాలి, పొద్దున ఉడకెయ్యాలి. పై చొక్కా చిరుగుద్ది గానీ మురికి ఏడికి పోద్ది?’’ అంది. మళ్లీ వెయ్యమంది. రెండోసారి చూస్తూ, ఎవరో అడిగినట్టు, పెద్దింటి గుర్తు చెప్పింది: మూడు చుక్కలు, కింద అడ్డంగా ఒక గీత. తరువాత కరణం గారిది, తరువాత రైసుమిల్లు వాళ్లది. నేను కాగితం తెచ్చుకుని రాసుకోవడం మొదలుపెట్టాను. పద్నాలుగు ఇళ్లవి వచ్చాయి. మిగతావి తెల్లారి గుర్తు చేసుకుంటానంది.